లాగ్ ఫైలులో కాలముద్ర: సీ భాషా సంప్రదాయం, సాక్ష్య విలువ

వ్యాససంగ్రహం:

కంప్యూటరు ప్రోగ్రాములు తమ పనిలో ఎదురైన సంఘటనలను తేదీ, వేళలతో సహా ఒక ఫైలులో వరుసగా నమోదు చేస్తాయి. ఆ ఫైలును లాగ్ అని, ప్రతి నమోదుకు ముందుండే తేదీ, వేళలను ఈ వ్యాసంలో కాలముద్ర అని వ్యవహరిస్తున్నాం. యూనిక్స్ వ్యవస్థలోను, సీ భాషలోను 1971 నుండి ఈ కాలముద్ర పొందిన రూపాలను, ప్రతి రూపంలో చేరిన అంశాలను, జారిపోయిన అంశాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. కాలముద్ర రూపాన్ని యంత్రశక్తి ఒక్కటే నిర్ణయించలేదని, ఆ లాగ్‌ను ఎవరు చదువుతారన్న ఊహ కూడా అంతే బలంగా నిర్ణయించిందని ప్రతిపాదిస్తుంది. శాసనకాల నిర్ణయ పద్ధతితో పోల్చి ఈ ప్రతిపాదనను నిరూపించడానికి ప్రయత్నిస్తుంది.

కీలకపదాలు: లాగ్ ఫైలు, కాలముద్ర, సీ భాష, యూనిక్స్, సిస్‌లాగ్, శాసనకాల నిర్ణయం, ఎలక్ట్రానిక్ సాక్ష్యం.

1. ఉపోద్ఘాతం

ఏ పత్రం చేతికందినా చరిత్ర పరిశోధకుడు మొదట అడిగే ప్రశ్న, అది ఎప్పుడు పుట్టిందన్నది. శాసనం, తాళపత్రం, కైఫీయతు, ఉత్తరం, దినచర్య - వీటన్నిటికీ ఈ ప్రశ్న వర్తిస్తుంది. గత అర్ధశతాబ్దంలో మానవ వ్యవహారాల్లో అధికభాగం కంప్యూటర్ల గుండా సాగుతున్నందువల్ల, వాటి లాగ్ ఫైళ్లు కూడా ఈ ఆకరాల కోవలోకి చేరాయి. బ్యాంకులో సొమ్ము ఎప్పుడు చేతులు మారింది, పరీక్షా ఫలితాల పట్టికను ఎవరు ఎప్పుడు తెరిచారు, ఒక సందేశం ఏ క్షణాన బయలుదేరింది అన్న ప్రశ్నలకు నేడు తొలి సాక్షి లాగ్ ఫైలే.

సీ భాషలో లాగ్ రాయడం పైకి చాలా చిన్న పని. ప్రోగ్రాం ఒక ఫైలును చివరన మాత్రమే చేర్చే పద్ధతిలో తెరుస్తుంది. ఆపరేటింగ్ సిస్టంను వేళ అడుగుతుంది. సమాధానంగా వచ్చిన సంఖ్యను సంవత్సరం, నెల, తేదీ, గంట, నిమిషం, సెకనుగా విడగొడుతుంది. వాటిని అక్షరాల్లో కూర్చి, పక్కన సందేశాన్ని ఉంచి, ఫైలులోకి పంపుతుంది. పట్టుమని పది పంక్తులు దాటని పని ఇది. అయితే ఈ ప్రతి మెట్టులోను ఎవరో ఒకరు ఒకనాడు తీసుకున్న నిర్ణయం ఒకటి దాగి ఉన్నది. ఆ నిర్ణయాల చరిత్ర తెలియని పరిశోధకుడు లాగ్‌లోని తేదీని ఉన్నదున్నట్లు స్వీకరించి పొరపడే అవకాశం ఉంది. ఈ కారణం చేత కాలముద్రను సాంకేతిక వివరంగా కాక, ఆకర విమర్శలో భాగంగా పరిశీలించవలసి ఉంటుంది.

2. లాగ్, చిట్టా: పదాల నేపథ్యం

లాగ్ అనే ఆంగ్లపదానికి మూలార్థం కొయ్యదుంగ. ఓడ వేగాన్ని కొలవడానికి నావికులు తాడు కట్టిన కొయ్యముక్కను సముద్రంలోకి వదిలేవారు. సుమారు 28 సెకన్ల ఇసుక గడియారం ఖాళీ అయ్యేలోపు తాడుపై ఎన్ని ముడులు చేయి దాటి పోయాయో లెక్కించేవారు. ఆ లెక్కను రాసుకున్న పుస్తకం లాగ్‌బుక్ అయింది. అంటే లాగ్ అనే భావన పుట్టుకలోనే కాలమానం ఉంది.

తెలుగులో దీనికి సన్నిహితమైన పదం చిట్టా. వర్తకుల లెక్కల్లో ఏ రోజు వ్యవహారాన్ని ఆ రోజే, జరిగిన వరుసలో రాసుకునేది చిట్టా. ఖాతాల వారీగా తిరిగి రాసుకునేది ఆవర్జా. తెలుగు వికీపీడియాలోనూ లాగ్‌కు చిట్టా అనే మాట వాడుకలో ఉన్నది. అయితే రెండింటికీ ఒక ముఖ్యమైన భేదం ఉంది. చిట్టాలో తేదీ పుట పైభాగాన ఒకసారి రాస్తే చాలు. పుటలు కుట్టి ఉంటాయి గనుక వరుస చెదరదు. కంప్యూటరు లాగ్‌లో అనేక ప్రోగ్రాముల నమోదులు ఒకే ఫైలులో కలగలిసి పడతాయి. ఒక్కొక్క పంక్తిని విడిగా తీసి మరొక చోటికి పంపడమూ జరుగుతుంది. అందువల్ల ప్రతి పంక్తీ తన తేదీని తానే మోయాలి. ఆ తేదీలో ఏది లోపించినా ఆ లోపాన్ని పూరించే పుట పైభాగం ఉండదు.

3. తొలి యూనిక్స్‌లో కాలగణన (1969–1979)

అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో, మరే హిల్‌లో ఉన్న బెల్ లేబొరేటరీస్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీలు 1969లో యూనిక్స్ నిర్మాణానికి పూనుకున్నారు. 1971 నవంబరు 3వ తేదీతో వెలువడిన తొలి కూర్పు వాడుక గ్రంథం ప్రకారం, యూనిక్స్ కాలం 1971 జనవరి 1వ తేదీ అర్ధరాత్రి నుండి మొదలవుతుంది. దాని ప్రమాణం సెకనులో అరవయ్యో వంతు. అమెరికాలో విద్యుత్ ప్రవాహం సెకనుకు 60 ఆవర్తనాలతో సాగుతుంది. కంప్యూటరులోని గడియారం ఆ ప్రవాహాన్నే ఆధారం చేసుకున్నది. ఈ విధంగా తొలి యూనిక్స్ కాలమానం ఒక దేశపు విద్యుత్తు తీగకు ముడిపడి ఉండేది.

ఈ గణనను నిలువ చేయడానికి కేటాయించిన చోటు 32 బిట్లు. సెకనుకు 60 చొప్పున పెరిగే సంఖ్య 32 బిట్లలో సుమారు 829 రోజులకు, అంటే రెండుంబావు సంవత్సరాలకు నిండిపోతుంది. ఈ పరిమితిని వాడుక గ్రంథమే లోపాల శీర్షిక కింద అంగీకరించింది. నిర్మాతలు ఆరంభ సంవత్సరాన్ని మార్చి కొంతకాలం నెట్టుకొచ్చారు. 1973 నాటి నాలుగవ కూర్పుకు వచ్చేసరికి ప్రమాణాన్ని సెకనుగా, ఆరంభాన్ని 1970 జనవరి 1, గ్రీనిచ్ అర్ధరాత్రిగా స్థిరపరిచారు. యూనిక్స్ కెర్నెల్‌ను సీ భాషలో తిరిగి రాసినదీ ఆ సంవత్సరమే. నేడు లోకమంతటా యూనిక్స్ శకం అని పిలిచే గణన ఇదే. ఏ చారిత్రక ఘటననూ పురస్కరించుకోకుండా, కేవలం లెక్క సౌలభ్యం కోసం ఏర్పడిన శకం ఇది.

ఆనాటి పరిస్థితులకు గుర్తుగా సీ భాషలో ఒక అవశేషం మిగిలింది. అప్పటి యంత్రంలో పూర్ణాంకానికి 16 బిట్లే ఉండేవి. 32 బిట్ల సంఖ్యను పట్టే లాంగ్ అనే రకం తొలినాటి సీ భాషలో లేదు. కనుక వేళ అడిగే టైమ్ అనే ఫంక్షన్ తన సమాధానాన్ని రెండు పూర్ణాంకాల వరుసలో నింపి ఇచ్చేది. ఆ వరుస చిరునామాను ప్రోగ్రామే అందించవలసి వచ్చేది. లాంగ్ రకం వచ్చి, 1979 నాటి ఏడవ కూర్పులో కాలానికి ప్రత్యేకమైన రకం పేరు ఏర్పడిన తరువాత ఆ చిరునామా అవసరం తీరిపోయింది. అయినా నేటికీ ఆ ఫంక్షన్ ఒక చిరునామాను అడుగుతూనే ఉంది. లిపిలో పలుకుబడి పోయిన అక్షరం నిలిచి ఉన్నట్లు ఇదీ నిలిచి ఉన్నది.

4. ఇరవై ఆరు అక్షరాల తేదీ

సెకన్ల సంఖ్యను మనిషి చదవగల తేదీగా మార్చే సీటైమ్ అనే ఫంక్షన్ ఏడవ కూర్పు నాటికి నేటి రూపంలో కుదురుకున్నది. 1989 నాటి అమెరికా జాతీయ ప్రమాణం, 1990 నాటి అంతర్జాతీయ ప్రమాణం దానిని యథాతథంగా స్వీకరించాయి. అది ఇచ్చే పాఠం సరిగ్గా 26 అక్షరాల చోటు తీసుకుంటుంది: మూడక్షరాల వారం పేరు, మూడక్షరాల నెల పేరు, తేదీ, గంట, నిమిషం, సెకను, నాలుగంకెల సంవత్సరం, చివర పంక్తి ముగింపు గుర్తు, ఆపై పాఠం ముగిసిందని చెప్పే సున్న.

ఈ కూర్పులో రెండు విషయాలు గమనార్హం. ఒకటి, సంవత్సరం చివరన ఉండడం. ఇది అమెరికన్ల వాడుక వరుస. ఇలా రాసిన తేదీలను అక్షరక్రమంలో అమరిస్తే కాలక్రమం రాదు. ఆంగ్ల అక్షరక్రమంలో ఏప్రిల్ జనవరికి ముందు వస్తుంది. రెండు, చివరన పంక్తి ముగింపు గుర్తు ఉండడం. తేదీని ఒంటరిగా తెరపై చూపడానికి అది అనుకూలమే. లాగ్ పంక్తిలో మాత్రం తేదీ వెంటనే పంక్తి తెగి, సందేశం కింది పంక్తిలో పడుతుంది. సీ భాషలో లాగ్ రాయడం నేర్చుకునే ప్రతి విద్యార్థీ ఎదుర్కొనే తొలి చిక్కు ఇదే. సీటైమ్‌ను రూపొందించినప్పుడు ఊహించిన చదువరి తెర ముందు కూర్చుని, ఇప్పుడు వేళ ఎంతని అడిగే మనిషి. భవిష్యత్తులో ఫైలు తిరగేసే పరిశోధకుడు ఆ ఊహలో లేడు.

1989 ప్రమాణంలో చేరిన ఎస్‌టీఆర్‌ఎఫ్‌టైమ్ అనే ఫంక్షన్ ఈ బిగువును సడలించింది. తేదీలోని భాగాలను ఏ వరుసలోనైనా కూర్చుకునే స్వేచ్ఛ ప్రోగ్రాం రచయితకు లభించింది. భాషా ప్రాంత అమరికను అనుసరించి నెలల పేర్లు మారే ఏర్పాటు కూడా దీనిలో ఉంది. గ్నూ సీ లైబ్రరీలో తెలుగు అమరిక ఉన్నందున, దానిని ఎంచుకున్న ప్రోగ్రాం నెల పేరును తెలుగులోనే రాయగలదు. అయితే లాగ్‌ను యంత్రాలు కూడా చదువుతాయి గనుక, నెలకు పేరు బదులు అంకె వాడడమే క్షేమమన్న అభిప్రాయం క్రమంగా స్థిరపడింది. సంవత్సరం ముందు, సెకను చివర ఉండే అంకెల వరుసను 1988 నాటి ఐఎస్ఓ 8601 ప్రమాణం సూచించింది. ఆ వరుసలో అక్షరక్రమం, కాలక్రమం ఒకటవుతాయి.

5. సిస్‌లాగ్: తెగిపోయిన సంవత్సరం

1980ల ఆరంభంలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీ ప్రాంగణంలో ఎరిక్ ఆల్‌మన్ సెండ్‌మెయిల్ అనే ఉత్తరాల బట్వాడా ప్రోగ్రాం కోసం సిస్‌లాగ్‌ను రూపొందించాడు. అంతవరకు ఏ ప్రోగ్రాం లాగ్ ఆ ప్రోగ్రామే విడిగా రాసుకునేది. సిస్‌లాగ్‌తో అన్ని ప్రోగ్రాములూ తమ సందేశాలను ఒకే నమోదుదారుకు అప్పగించే ఏర్పాటు వచ్చింది. తీవ్రతను బట్టి సందేశాలకు 0 నుండి 7 వరకు ఎనిమిది స్థాయిలు ఏర్పడ్డాయి. సిస్‌లాగ్ బర్కిలీ యూనిక్స్‌తో పాటు విశ్వవిద్యాలయాలకు, ఆపై పరిశ్రమలకు వ్యాపించింది.

1980ల నాటి బర్కిలీ సీ లైబ్రరీ సోర్సు కోడులో సిస్‌లాగ్ కాలముద్రను తయారుచేసే పంక్తి ఈ వ్యాసానికి కేంద్రమైన ఆధారం. ఆ పంక్తి సీటైమ్‌ను పిలిచి తేదీని తెప్పించుకుంటుంది. అందులో మొదటి నాలుగు అక్షరాలను, అంటే వారం పేరును, దాని పక్కనున్న ఖాళీని దాటుతుంది. అక్కడినుండి 15 అక్షరాలను మాత్రమే తీసుకుంటుంది. ఆ పదిహేనులో నెల, తేదీ, గంట, నిమిషం, సెకను ఇమిడిపోతాయి. పదహారవ అక్షరం ఖాళీ. దాని తరువాతిది సంవత్సరం. సంవత్సరం చేతికి వచ్చి కూడా తెగిపోయింది. పంక్తి ముగింపు గుర్తుతో వచ్చే చిక్కు ఈ కోతతోనే తీరిపోయింది. వారం, సంవత్సరం రెండూ అదే కోతలో పోయాయి. సమయం ఏ దేశానిదో చెప్పే గుర్తు సీటైమ్ పాఠంలో మొదటినుండీ లేనే లేదు.

ఆనాటి చదువరికి ఇది లోపంగా తోచడానికి కారణం లేదు. లాగ్ చదివేది ఆ యంత్రాన్ని నడిపే వ్యక్తే. అతడు అదే ఊరిలో, అదే వారంలో చదువుతాడు. ఫైలు పెద్దదైతే పాత భాగాన్ని తొలగిస్తాడు. అతనికి సంవత్సరం చెప్పడం, ఇంటివారికి ఇంటిపేరు చెప్పడం వంటిది. డిస్కుపై ప్రతి అక్షరానికీ విలువ ఉన్న రోజుల్లో అనవసరమైనదాన్ని విడిచిపెట్టడం సహజమైన పొదుపు. అయితే ఊహించిన చదువరి మారిపోయినా రూపం మారలేదు. ఆ పదిహేను అక్షరాల కాలముద్ర కోట్ల యంత్రాలకు పాకింది. 2001 ఆగస్టులో ఇంటర్నెట్ ప్రమాణాల సంస్థ ఆర్‌ఎఫ్‌సీ 3164 అనే పత్రంలో అప్పటికే వాడుకలో ఉన్న ఈ రూపాన్ని, సంవత్సరమూ ప్రాంతకాలమూ లేకుండానే, వర్ణించి నమోదు చేసింది.

ఇదే కాలంలో వేరొక మార్గం కూడా ఉండేది. 1993లో ఇలినాయ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎన్‌సీఎస్ఏ సంస్థ సీ భాషలో రాసిన వెబ్ సర్వర్ తన లాగ్‌లో నాలుగంకెల సంవత్సరాన్ని, గ్రీనిచ్ నుండి తేడాను రాసేది. తరువాత వచ్చిన అపాచీ సర్వర్ దానినే కొనసాగించింది. రెండూ ఒకే భాషలో, ఒకే రకపు యంత్రాలపై నడిచినవే. కనుక భేదానికి కారణం యంత్రశక్తి కాదు. వెబ్ సర్వర్‌కు సందర్శకులు ప్రపంచం నలుమూలల నుండి వస్తారు. దాని లాగ్‌ను నెలల తరబడి లెక్కల కోసం దాచుకుంటారు. ఆ ఊహే కాలముద్రలోకి సంవత్సరాన్ని, ప్రాంతకాలాన్ని తెచ్చిందని భావించవచ్చు.

6. శాసనకాల నిర్ణయంతో పోలిక

సంవత్సరం లేని సిస్‌లాగ్ పంక్తిని చూసిన తెలుగు పరిశోధకునికి షష్టిసంవత్సర చక్రం గుర్తుకు రావడం సహజం. శక సంఖ్య లేకుండా చిత్రభాను సంవత్సరం అని మాత్రమే ఉన్న శాసనం అరవై ఏళ్లకొకసారి వచ్చే ఏ చిత్రభానుకైనా చెందవచ్చు. అప్పుడు పరిశోధకుడు రాజు పేరు, లిపి, భాష, తిథివారాల పొంతన వంటి ఇతర ఆధారాలను ఆశ్రయిస్తాడు. సిస్‌లాగ్ కాలముద్రకు చక్రం అరవై ఏళ్లు కాదు, ఒక్క ఏడాది. దర్యాప్తు చేసేవారు ఫైలు చివరిసారి మారిన తేదీ, ముందు వెనుక పంక్తులు, డిసెంబరు నుండి జనవరికి మారిన చోటు, సందేశంలో కనిపించే ప్రోగ్రాం కూర్పు సంఖ్య వంటి వాటితో సంవత్సరాన్ని ఊహించవలసి వస్తుంది. పని స్వభావం ఒకటే.

దీనికి భిన్నంగా హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనం తేదీని పరిశీలిద్దాం. కాకతీయ రుద్రదేవుని ఈ శాసనంలో శక వర్షం 1084, చిత్రభాను సంవత్సరం, మాఘ శుద్ధ త్రయోదశి, శనివారం అని ఉంది. ఇది క్రీ.శ. 1163 జనవరి 19కి సరిపోతుంది. ఇక్కడ శక సంఖ్య ఒక్కటి ఉన్నా సంవత్సరం తెలుస్తుంది. కాని చక్రనామం, తిథి, వారం కూడా చేరడం వల్ల ఒకదానిని మరొకదానితో సరిచూసే వీలు కలిగింది. శాసనాలు తమ దానధర్మాలు ఆచంద్రార్కం నిలవాలని కోరుకుంటాయి. రాబోయే రాజులు, ఎరుగని తరాలవారు చదువుతారని శాసనకర్తకు తెలుసు. అందుచేత తేదీని ఇన్ని విధాలుగా చెప్పాడు. సిస్‌లాగ్ ఆ వారం చదివేవాని కోసం రాసినది. అందుచేత ఇంత తక్కువ చెప్పింది. రెండు సందర్భాల్లోనూ తేదీ నిడివిని నిర్ణయించినది ఎదుటివాని గురించిన ఊహ.

7. ప్రాంతకాలం

సీ భాషలో లోకల్‌టైమ్ అనే ఫంక్షన్ గ్రీనిచ్ సెకన్లను స్థానిక వేళగా మారుస్తుంది. ఇందుకు ఏ ప్రాంతంలో ఏ కాలంలో ఎంత తేడా ఉండేదో తెలియాలి. 1980లలో ఆర్థర్ డేవిడ్ ఓల్సన్ ఆరంభించిన కాలమండలాల భాండాగారం ఈ అవసరాన్ని తీర్చింది. దానిలో భారతదేశపు నమోదు ఒక చిన్న చరిత్ర గ్రంథం. రైల్వేలు అనుసరించిన మద్రాసు కాలం గ్రీనిచ్‌కు 5 గంటల 21 నిమిషాల 10 సెకన్లు ముందు. 1906 జనవరి 1 నుండి 82½ డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని అనుసరించి 5 గంటల 30 నిమిషాలు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, 1942 సెప్టెంబరు నుండి 1945 అక్టోబరు వరకు, మరో గంట ముందు. 1943 నాటి ఏదైనా క్షణాన్ని భారత స్థానిక వేళగా మార్చమంటే, ఈ భాండాగారం ఆధారంగా పనిచేసే సీ లైబ్రరీ ఆరున్నర గంటల తేడానే చూపుతుంది.

లాగ్ పంక్తిలో ఈ తేడా రాయకపోతే కలిగే నష్టం రెండు దేశాల లాగ్‌లను పక్కపక్కన పెట్టినప్పుడు బయటపడుతుంది. హైదరాబాదులో 02:10 అని, లండన్‌లో 20:40 అని ఉన్న రెండు పంక్తులు శీతకాలంలో ఒకే క్షణానికి చెందుతాయి. పైగా తేదీలు కూడా వేరు. ఏ యంత్రం ఎక్కడిదో తెలిసినంతవరకే ఈ సమన్వయం సాధ్యం.

8. మూడు క్షణాలు

కాలముద్ర పూర్తి రూపంలో ఉన్నంత మాత్రాన అది సంఘటన జరిగిన క్షణాన్ని చెబుతుందనుకోరాదు. లాగ్ పంక్తి వెనుక మూడు వేర్వేరు క్షణాలుంటాయి. సంఘటన జరిగినది ఒకటి. ప్రోగ్రాం గడియారాన్ని అడిగినది రెండవది. పంక్తి డిస్కుపై పడినది మూడవది. కాలముద్ర రెండవ క్షణానిది మాత్రమే.

మూడవ క్షణం సీ భాషలో ప్రత్యేకమైన సమస్య. ఫైలులోకి రాయమన్న అక్షరాలను సీ లైబ్రరీ మొదట బఫర్ అనే తాత్కాలిక స్థలంలో పోగుచేసి, నిండిన తరువాత ఒక్కసారిగా పంపుతుంది. ఈలోపు ప్రోగ్రాం కుప్పకూలితే బఫర్‌లోని పంక్తులు మాయమవుతాయి. కూలడానికి ముందు ఏం జరిగిందో చెప్పగల పంక్తులే అవి. ప్రతి నమోదు తరువాత బఫర్‌ను ఖాళీ చేయించే జాగ్రత్త అందుకే ఏర్పడింది. అంటే లాగ్‌లో చివరి పంక్తి చివరి సంఘటన కాకపోవచ్చు. లాగ్ మౌనాన్ని సంఘటన లేకపోవడంగా అర్థం చేసుకోరాదు.

గడియారం సంగతి వేరు. ఒక్కొక్క యంత్రపు గడియారం ఒక్కొక్క రకంగా ముందుకో వెనుకకో జారుతుంది. డెలవేర్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ మిల్స్ రూపొందించిన ఎన్‌టీపీ పద్ధతి 1985లో వెలువడిన తరువాత, యంత్రాలు నెట్‌వర్కు ద్వారా గడియారాలను సరిదిద్దుకోవడం అలవాటైంది. అయినా సరిదిద్దిన క్షణాన గడియారం వెనుకకు జరిగితే, తరువాతి పంక్తికి ముందటి వేళ పడుతుంది. 1972 నుండి 2016 వరకు భూభ్రమణానికి అనుగుణంగా ప్రపంచకాలంలో చేర్చిన 27 అధిక సెకన్లను యూనిక్స్ గణన లెక్కలోకి తీసుకోదు. ఆ సందర్భాల్లో ఒకే సెకను సంఖ్య రెండుసార్లు వచ్చే వీలుంది. భారత కాలమానంలో అది తెల్లవారుజామున 5:30కి ముందు క్షణం.

వరుసను తెలుసుకోవడానికి గడియారం ఒక్కటే మార్గం కాదని లెస్లీ లాంపోర్ట్ 1978లోనే నిరూపించాడు. సందేశం అందడం దానిని పంపిన తరువాతే జరుగుతుంది. ఇటువంటి కార్యకారణ సంబంధాలను సంఖ్యలుగా మార్చుకుంటే గడియారాలు కలవకపోయినా పూర్వాపరాలను చెప్పవచ్చు. తేదీ లేని రెండు గ్రంథాల్లో ఒకటి మరొకదానిని ఉదాహరిస్తే పౌర్వాపర్యాన్ని నిర్ణయించే సాహిత్య చరిత్రకారుని పద్ధతి కూడా ఇదే.

9. చదువరి మారిన వైనం

లాగ్‌కు యంత్ర నిర్వాహకుడే కాక బయటివాడు కూడా చదువరి అవుతాడని స్పష్టంగా చూపిన తొలి ఘట్టాల్లో 1986 నాటి లారెన్స్ బర్కిలీ లేబొరేటరీ ఉదంతం ఒకటి. కంప్యూటరు వాడకపు లెక్కల్లో 75 సెంట్ల తేడా ఎందుకు వచ్చిందో తేల్చమన్నప్పుడు, ఖగోళశాస్త్రజ్ఞుడైన క్లిఫర్డ్ స్టోల్ ఒక చొరబాటుదారుని ఉనికిని గుర్తించాడు. ఆ చొరబాటుదారు యంత్రంపై సర్వాధికారం సంపాదించాడు. కనుక యంత్రంలోని నమోదులను నమ్మే వీలులేదు. స్టోల్ బయటినుండి వచ్చే తీగలకు ప్రింటర్లను తగిలించి, ప్రతి అక్షరాన్నీ కాగితంపై ముద్రింపజేశాడు. ఆ జాడ చివరకు జర్మనీకి చేరింది. లాగ్‌ను రాసే యంత్రానికీ, లాగ్‌ను భద్రపరచే స్థలానికీ మధ్య ఎడం ఉండాలన్న సూత్రానికి ఈ ఉదంతం బలమైన ఉదాహరణ.

సంవత్సరాన్ని కుదించి రాసే అలవాటుకు మూల్యం 2000లో తెలిసివచ్చింది. ఆ సమస్యలో అధికభాగం కోబాల్ ప్రోగ్రాములదే. ఆ సవరణ పనుల గిరాకీ హైదరాబాదులోని అమీర్‌పేట శిక్షణ కేంద్రాలను నింపి, అనేకమంది తెలుగు యువకులను అమెరికాకు చేర్చింది. సీ భాషలో అదే సమస్య మరో రూపంలో కనిపించింది. సీ లైబ్రరీ సంవత్సరాన్ని 1900 నుండి గడిచిన ఏళ్ల సంఖ్యగా ఇస్తుంది. దాని ముందు 19 అనే అంకెలను అతికించిన ప్రోగ్రాములు 2000 జనవరి 1న 19100 అని రాశాయి.

ఈ అనుభవాల తరువాత సంస్కరణలు వచ్చాయి. 2002 జులైలో ఆర్‌ఎఫ్‌సీ 3339 ఇంటర్నెట్‌కు అనువైన తేదీ రూపాన్ని నిర్వచించింది. 2009 మార్చిలో ఆర్‌ఎఫ్‌సీ 5424 సిస్‌లాగ్‌కు ఆ రూపాన్ని విధించింది. సంవత్సరం, సెకనులో పదిలక్షవ వంతు వరకు సూక్ష్మత, గ్రీనిచ్ నుండి తేడా అందులో చేరాయి. అయినా లినక్స్ పంపిణీల్లో పాత పదిహేను అక్షరాల రూపం చాలాకాలం కొనసాగింది. డెబియన్ తన సిస్‌లాగ్ ప్రోగ్రాంలో సంవత్సరంతో కూడిన రూపాన్ని సహజరూపంగా చేసినది 2023లో, పన్నెండవ కూర్పుతో. పాత రూపాన్నే ఆశించి రాసిన విశ్లేషణ ప్రోగ్రాములు అసంఖ్యాకంగా ఉండడం ఈ జాప్యానికి ప్రధాన హేతువు. 32 బిట్ల గణన 2038 జనవరి 19న, భారత కాలమానం ప్రకారం ఉదయం 8:44:07 గంటలకు నిండుతుంది. ఓపెన్‌బీఎస్‌డీ 2014లోను, 32 బిట్ల యంత్రాలకు లినక్స్ కెర్నెల్ 2020లోను 64 బిట్ల గణనకు మార్గం వేశాయి. అయితే పాత గణనతోనే బిగించిన పరికరాల్లోని లాగ్‌లు ఆ క్షణం తరువాత 1901కి వెనక్కి పోగలవు.

10. భారతీయ న్యాయవ్యవస్థలో లాగ్

చదువరి మార్పు చట్టంలో కూడా ప్రతిఫలించింది. 1872 నాటి సాక్ష్య చట్టం 34వ విభాగం, వ్యాపార క్రమంలో నియతంగా రాసిన లెక్కల పుస్తకాలను సంగత సాక్ష్యంగా స్వీకరించింది. కాని ఆ నమోదు ఒక్కదానితోనే ఎవరిపైనా బాధ్యత మోపరాదని కూడా చెప్పింది. చిట్టాకు వర్తించిన ఈ వివేకం లాగ్‌కూ వర్తించదగినదే. 2024 జులై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం, పత్రం అనే పదానికి ఇచ్చిన ఉదాహరణల్లో సర్వర్ లాగ్‌లను పేరుపెట్టి చేర్చింది. ఎలక్ట్రానిక్ నమోదును సమర్పించేటప్పుడు జతపరచవలసిన ధ్రువపత్రంలో ఆ ఫైలు హ్యాష్ విలువను పేర్కొనాలని కోరింది. హ్యాష్ విలువ ఫైలు ఆ తరువాత మారలేదని చెప్పగలదు. మొదట రాసిన వేళ నిజమని చెప్పలేదు.

ఆ లోటును కొంతవరకు పూరించే నిబంధన 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ జారీ చేసిన ఆదేశాల్లో ఉంది. వాటి ప్రకారం సంస్థలు తమ గడియారాలను జాతీయ సమాచార విజ్ఞాన కేంద్రం లేదా న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల కాలంతో పొంతన కుదుర్చుకోవాలి. లాగ్‌లను 180 రోజుల పాటు భద్రపరచాలి. తనకు తాను రాసుకునే జ్ఞాపికగా మొదలైన లాగ్ పంక్తి, న్యాయమూర్తి చదవవలసిన పత్రంగా మారింది. అందుచేత నేడు సీ భాషలో లాగ్ ఫంక్షన్ రాసే విద్యార్థి తెలిసో తెలియకో ఒక దస్తావేజు రూపాన్ని నిర్ణయిస్తున్నాడు.

11. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి. యూనిక్స్ కాలగణన విద్యుత్ ప్రవాహం, 16 బిట్ల పూర్ణాంకం వంటి స్థానిక పరిస్థితుల నుండి పుట్టి, ఆ పరిస్థితులు పోయిన తరువాత కూడా నిలిచింది. సిస్‌లాగ్ కాలముద్రలో సంవత్సరం లేకపోవడం యంత్రపు అశక్తత కాదు. చేతికందిన పాఠం నుండి పదిహేను అక్షరాలనే గ్రహించిన ఫలితం. అదే దశాబ్దాల్లో వెబ్ లాగ్‌లు సంవత్సరాన్ని, ప్రాంతకాలాన్ని నిలుపుకోవడం ఇందుకు నిదర్శనం. కాలముద్రలో ఏది ఉండాలన్నది చదువరి ఎవరన్న ఊహను అనుసరించింది. ఆ ఊహ మారిన ప్రతిసారీ, ఆలస్యంగానైనా, రూపం మారింది.

చరిత్ర పరిశోధకులకు దీని నుండి ఒక కర్తవ్యం ఏర్పడుతున్నది. రాబోయే తరాలు మన కాలపు చరిత్రను రాసేటప్పుడు లాగ్ ఫైళ్లను ఆశ్రయించక తప్పదు. అప్పుడు శాసన పరిష్కర్త చూపే జాగ్రత్తే వారికీ అవసరం: తేదీలో ఏ అంశం ఉంది, ఏది లేదు, లేనిదానిని ఏ ఆధారంతో పూరించాలి, గడియారం ఎవరిది, రాసినవానికి దానిని మార్చే అధికారం ఉందా. ఈ ప్రశ్నలను మన విశ్వవిద్యాలయాల్లోని పరిశోధన పద్ధతుల పాఠ్యాంశంలో చేర్చడం ఉచితం. కంప్యూటరు శాస్త్ర విభాగాల్లో లాగ్ రాయడం నేర్పేటప్పుడు, సంవత్సరం, ప్రాంతకాలం ఎందుకు విడిచిపెట్టరాదో ఈ చరిత్రతో కలిపి చెప్పడం అంతకన్నా ఉచితం.